గ్రహణం రోజు పాఠం

మొన్న మా సంఘం నెలవారీ సమావేశం అయిపోయాక టీ తాగుతుంటే ఒక మిత్రుడు అడిగాడు: "మీ మనవరాలికి హేతువాదం ఏ వయసు నుంచి నేర్పారండీ?"

"నేర్పబోయి దెబ్బతిన్నాను" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను మాత్రం హాస్యానికి అనలేదు. ఆ కథే ఇక్కడ చెబుతాను. అయితే నా ఇంటి కథ ఒక్కటే చెబితే సొంత డబ్బా అవుతుంది. మన తెలుగు ఇళ్ళలో అక్షరం ఎలా వచ్చింది, దాని వెనక కాస్తంత సైన్సు ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు అనే చరిత్రతో కలిపి చెబితే మీకూ ఉపయోగం.

నా గురించి రెండు మాటలు. సొంత ఊరు తెనాలి. బీకాం చదివాను. డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి 2019లో రిటైరయ్యాను. సైన్సు చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. ఉద్యోగంలో నేర్చుకున్న సూత్రం మాత్రం ఒకటుంది: వోచరు లేనిదే బిల్లు పాస్ చేయకూడదు. బిల్లు తెచ్చినవాడి హోదా ఎంతైనా కానివ్వండి, "వోచరేదీ?" అని అడగాల్సిందే. నేను హేతువాదినయింది పుస్తకాలు చదివి కాదు, ఆ ఒక్క మాట అలవాటై.

ఇప్పుడు ఉండేది ఢిల్లీలో, ఓల్డ్ రాజిందర్ నగర్లో, కొడుకు దగ్గర. దేశ విభజన తర్వాత పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం వెలిసిన కాలనీ ఇది. ఈ రోజున సివిల్ సర్వీసు కోచింగులకు పేరు. గోడ కనిపిస్తే ర్యాంకర్ల ఫోటో. అర్ధరాత్రి దాకా వేలమంది కుర్రాళ్ళు చదువుతూనే ఉంటారు. ఈ సందుల్లోనే, 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడులు మూతపడినప్పుడు, ఐదేళ్ళ మా మనవరాలు నా చేతికి వచ్చింది. కొడుకూ కోడలూ చెరో గదిలో లాప్‌టాప్ ముందు. పంతులు ఉద్యోగం నాది.

పెద్దబాలశిక్షతో మొదలు

మా పిల్ల ఆటల్లో హిందీ, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరం ముక్క రాదు. తెనాలి నుంచి తెచ్చుకున్న పెద్దబాలశిక్ష ఇంట్లో ఉంది, అది తీశాను.

ఆ పుస్తకం చరిత్ర చాలామందికి తెలియదు. అదేదో ఋషులు రాసినట్టు భావిస్తారు. 1832లో మద్రాసు ప్రెసిడెన్సీలో క్లూలో అనే దొర పూనుకుని, తెలుగు పిల్లల కోసం పుదూరు సీతారామశాస్త్రి చేత బాలశిక్ష రాయించాడు. అదే పెరిగి పెద్దబాలశిక్ష అయింది. తాటాకుల మీద, ఇసుకలో వేలితో నేర్చుకునే చదువుకు అచ్చుపుస్తకం రావడం చిన్న సంగతి కాదు. వీధిబడికి పోలేని పిల్లకు కూడా, ఇంట్లో చదువు వచ్చినవాళ్ళు ఒక్కరుంటే చాలు, అక్షరం అందే వీలు దొరికింది. ఆ మేలు ఒప్పుకోవాలి.

అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ఎక్కాలు, సామెతలు, వాటి పక్కనే అరవై సంవత్సరాల పేర్లు, తిథులు, నక్షత్రాలు, నవగ్రహాలు. అన్నీ ఒకే గొంతుతో. రెండు రెళ్ళు నాలుగు అన్న గొంతుతోనే రాహువు, కేతువు కూడా. ఏది లెక్క, ఏది ఆచారం, ఏది కథ అని పిల్లకు విడదీసి చెప్పే ఏర్పాటు అందులో లేదు. అప్పచెప్పడమే చదువు.

నాకు మొదటి దెబ్బ అచ్చుల దగ్గరే తగిలింది. యాభై ఆరు అక్షరాలూ వరసగా దిద్దించాలని కూర్చున్నాను. ఌ, ౡ దగ్గరికి రాగానే పిల్ల అడిగింది: "తాతయ్యా, ఇది ఏ మాటలో వస్తుంది?" మొదటిదానికి తల గోక్కుని ఒక సంస్కృత పదం చెప్పాను. రెండోదానికి ఒక్క మాట కూడా చెప్పలేకపోయాను. "మరెందుకు రాయాలి?" అంది. నా దగ్గర వోచరు లేదు. మర్నాటి నుంచి వరస మానేసి తల, వల, పలక, గడప లాంటి మాటలతో మొదలుపెట్టాను. గుణింతం గుర్తు లేని హల్లులు పదో పన్నెండో వస్తే చాలు, పిల్ల మాట చదివేస్తుంది. మాట చదివితే వచ్చే ఆనందం అక్షరం దిద్దితే రాదు. మూడు నెలల్లో గోడమీది పోస్టరు కాక మిగిలినవి చదవసాగింది; ఇక్కడి పోస్టర్లు హిందీ, ఇంగ్లీషు కాబట్టి.

రెండో దెబ్బ నవగ్రహాల దగ్గర. వాళ్ళ బడివాళ్ళు ఇచ్చిన చార్టులో గ్రహాలు ఎనిమిది. పెద్దబాలశిక్షలో తొమ్మిది, అందులో సూర్యుడు, చంద్రుడు, రాహువు, కేతువు. భూమి లేదు! "రాహువు చార్టులో ఎక్కడ?" అంది. నేను బడిలో చదివింది కూడా తొమ్మిదే, కానీ అవి వేరే తొమ్మిది. ప్లూటోతో కలిపి. 2006 ఆగస్టు 24న ప్రేగ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు గ్రహం అంటే ఏమిటో నిర్వచనం మార్చి, ఓటు వేసి, ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు. ఈ సంగతి చెబితే పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే పుస్తకం తప్పు చెప్పొచ్చా?" అంది.

చెప్పొచ్చు. తప్పని తేలితే దిద్దుకునే పద్ధతి ఉన్నదే సైన్సు. ఐదేళ్ళ పిల్ల నోట ఆ మాట రావడం అదృష్టం. కానీ నేను ఆ మాట విలువ అప్పుడు గుర్తించలేదు. అది తర్వాత చెబుతాను.

పక్కన కూర్చున్నవాళ్ళు

ఇంటి చదువు అనగానే నాకు గుర్తుకొచ్చేది ఒక అక్కా తమ్ముడు. ఆమె బండారు అచ్చమాంబ, ఆయన కొమర్రాజు లక్ష్మణరావు. ఆమె 1874లో, ఆయన 1877లో పుట్టారు. ఊరు కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. ఆమెకు పదేళ్ళ వయసులో పెళ్ళి చేశారు. అప్పటికి చదువు లేదు. భర్త ఉద్యోగం నాగపూర్ వైపు. తమ్ముడు అక్కగారింట్లో ఉండి అక్కడ చదువుకున్నాడు. చుట్టూ మరాఠీ, హిందీ. తెలుగు బడి మాట లేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్క తెలుగూ హిందీ నేర్చుకుంది. తర్వాత మరికొన్ని భాషలూ పట్టింది.

ఆ ఇంటి చదువు ఎంతదూరం పోయిందో చూడండి. ఆమె దేశంలోని స్త్రీల జీవిత చరిత్రలను అబలా సచ్చరిత్ర రత్నమాలగా రాసింది. 1902లో వచ్చిన ఆమె కథ ధనత్రయోదశిని తెలుగులో తొలి కథ అనేవాళ్ళున్నారు. ఆ ఏడే మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టడంలో ఆమె చెయ్యి ఉంది. పుట్టిన పిల్లలు దక్కలేదు. ఆమె 1905లో, ముప్ఫై ఏళ్ళు దాటగానే పోయింది. ఆ మరుసటి ఏడు, 1906లో, తమ్ముడు మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించాడు. చరిత్రతో పాటు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పదార్థ విజ్ఞానం, కలరా వంటి వ్యాధుల గురించి తెలుగులో చవకగా పుస్తకాలు వేసింది ఆ మండలి. ఎవరికోసం? ఇంగ్లీషు రానివాళ్ళకు, కాలేజీ గడప తొక్కలేనివాళ్ళకు. అక్కలాంటి వాళ్ళకు అని నేను అనుకుంటాను. ఆయన అలా రాసుకున్నాడని కాదు, ఇది నా ఊహే.

అంతకు ముందు దారి వేసినవాడు కందుకూరి వీరేశలింగం. 1883లో ఆడవాళ్ళ కోసం సతీహితబోధిని పత్రిక పెట్టాడు. శరీరశాస్త్ర సంగ్రహం, జ్యోతిశ్శాస్త్ర సంగ్రహం రాశాడు. జ్యోతిశ్శాస్త్రం అంటే ఇక్కడ జాతకాలు కాదు, ఖగోళం. ఒకే మాటకు రెండు అర్థాలు ఉండటం వల్ల మన భాషలో ఎంత గందరగోళం జరిగిందో గ్రహం అన్న మాటతో మా ఇంట్లోనే చూశాం గదా.

ఇక మా ఢిల్లీ సంగతి. పన్నెండో ఏట ఇంగ్లీషు మాధ్యమం వద్దని బడి మానేసి, రాజమండ్రిలో ఆడపిల్లల కోసం తానే హిందీ పాఠశాల నడిపిన దుర్గాబాయి, 1948లో ఇక్కడ ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించింది. ఢిల్లీ వచ్చిపడ్డ తెలుగు ఉద్యోగుల పిల్లలకు ఆ బడులే దిక్కయ్యాయి. మా కాలనీకి దగ్గర్లో, ప్రసాద్ నగర్లో కూడా ఒకటుంది. నాతో పనిచేసిన చాలామంది పిల్లలు ఆ బడుల్లోనే చదివారు.

ఈ కథలన్నిటిలో నాకు కనబడే పోలిక ఒకటుంది. అచ్చమాంబ పాఠం అప్పచెప్పలేదు. చదువుతున్నవాడి పక్కన కూర్చుంది. పైన కూర్చుని చెప్పేవాడికీ, పక్కన కూర్చుని చూసేవాడికీ తేడా ఉంది. ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.

నా పెద్దబాలశిక్ష

అక్షరాలు వచ్చాక నా అసలు పని మొదలుపెట్టాను. దయ్యాలు లేవు. శకునాలు అబద్ధం. గ్రహాలు మనుషుల జోలికి రావు. తుమ్మితే ఆగనక్కర్లేదు. పిల్లి ఎదురొస్తే అది దాని పని మీద పోతోందని అర్థం. రోజూ సాయంత్రం ఇవి చెప్పేవాణ్ణి, పిల్ల తిరిగి చెప్పేది. నాకు మహదానందం.

ఒకరోజు మేడమెట్ల దగ్గర పక్కింటి బీజీ, ఎనభై దాటిన పంజాబీ ముసలావిడ, చీకట్లో కిందికి వెళ్ళొద్దు, భూతం ఉంటుంది అని మా పిల్లను భయపెట్టింది. మా పిల్ల తడుముకోకుండా "భూత్ నహీ హోతే. దాదాజీనే బోలా హై" అంది. బీజీ నవ్వి, "నాకు మా దాదాజీ ఉంటుందని చెప్పాడు బేటా" అంది.

బీజీ మామూలుగానే అంది. నాకే చెంప పగిలినట్టయింది. ఆమె తాత చెప్పాడు, మా పిల్ల తాత చెప్పాడు. ఇద్దరి దగ్గరా వోచరు లేదు. నేను చేసిందల్లా పెద్దబాలశిక్షలో వాక్యాలు మార్చడం. అప్పచెప్పించే పద్ధతి మాత్రం అదే. నిజం చెప్పిస్తున్నాను గదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ లెక్కల్లో ఒక మాటుంది: మొత్తం సరిపోయినంత మాత్రాన ఖాతా సరైనట్టు కాదు. తప్పుదారిలో కూడా సరైన మొత్తం రావచ్చు. రేపు ఇంకెవరో నాకన్నా గట్టిగా చెబితే ఈ పిల్ల వాళ్ళ మాటే నమ్ముతుంది. ఎందుకంటే నమ్మడమే నేర్పాను.

ఆ సాయంత్రం నుంచి చెప్పడం మానేశాను. చెప్పడానికి బదులు చూడటం. ఎండాకాలం, స్టీలు గ్లాసులో ఐసు నీళ్ళు పోస్తే బయట చెమట పడుతుంది. "గ్లాసు కారుతోంది" అంది పిల్ల. కాదని నేను అనలేదు. "ఎలా తెలుసుకుందాం?" అన్నాను. ఆ గ్లాసులో రూహఫ్జా కలిపాం. లోపల ఎర్రగా ఉంది. బయటి చుక్కలు తెల్లగా ఉన్నాయి, నాలుక పెట్టి చూస్తే తీపి లేదు. "లోపలివి కాదు" అని తనే తేల్చింది. మరి ఎక్కడివి? గాలిలోవి అని ఒప్పుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. పట్టనీ.

మేడమీద చీపురుకర్ర ఒకటి నిలబెట్టి, నీడ కొసన గంటగంటకూ సుద్దముక్కతో గీత గీశాం. పన్నెండింటికి నీడ పొట్టిగా ఉంటుందని నేను ఘంటాపథంగా చెప్పాను. లేదు. పన్నెండూ ఇరవై ప్రాంతంలో అన్నిటికన్నా పొట్టిగా ఉంది. ఆ లెక్క నాకే తెలియదు, వెతికి తెలుసుకున్నాను. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. కాకినాడకు కాస్త తూర్పుగా పోయే గీత అది. ఢిల్లీ 77.2 దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సుమారు 21 నిమిషాలు వెనక. తాతయ్య చెప్పింది తప్పని, చీపురుకర్ర చెప్పింది ఒప్పని పిల్ల ఇల్లంతా చాటింది. నాకు చిన్నతనంగా అనిపించలేదు.

గ్రహణాలు

2020 జూన్ 21, ఆదివారం, సూర్యగ్రహణం. ఢిల్లీలో సూర్యబింబం నూటికి తొంభై పాళ్ళకు పైగా కప్పబడుతుంది. హర్యానాలో కురుక్షేత్రం వైపు వలయంగా కనబడుతుంది. వాట్సాప్ నిండా ఈ గ్రహణంతో కరోనా పోతుందని కొందరు, పెరుగుతుందని కొందరు.

మా కోడలికి అప్పుడు ఆరో నెల. ఒంగోలు నుంచి వాళ్ళమ్మ రోజుకు రెండుసార్లు ఫోను: గదిలోంచి కదలొద్దు, కత్తిపీట ముట్టొద్దు, తలుపులు, కిటికీలు మూసుకో. కోడలు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆమెకు నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది.

ఈ భయానికి తెలుగులో ఒక పేరే ఉంది, గ్రహణం మొర్రి. పెదవి చీలి పుట్టిన బిడ్డను అలా అంటారు. మాటలోనే నింద ఉంది: తల్లి గ్రహణం రోజు ఏదో చేసిందని. నిజానికి కడుపులో బిడ్డ పెదవి నాలుగు నుంచి ఏడు వారాల మధ్యలోనే కలుస్తుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్ళకు తాము గర్భవతులమన్న సంగతే సరిగా తెలియదు. ఆరో నెలలో వచ్చే గ్రహణం, కలిసిపోయిన పెదవిని చీల్చలేదు. గ్రహణాలు ఏడాదికి ఏ కొన్నో, అవీ ఏదో ఒక మూల కనబడేవి. మొర్రితో పుట్టే పిల్లలు ప్రపంచమంతటా, అన్ని రోజుల్లోనూ ఉన్నారు, ఇంచుమించు 700 మందిలో ఒకరు. వంశపారంపర్యం, తల్లి పొగతాగడం, మధుమేహం, కొన్ని మందులు వంటివి కారణాలుగా డాక్టర్లు చెబుతారు. ఆపరేషన్‌తో సరిచేస్తారు.

ఇదంతా కోడలికి చెప్పి బయటికి తీసుకొస్తానని బయల్దేరబోతే మా ఆవిడ అడ్డుకుంది. "ఏవండీ, మీరు చెప్పింది నిజమే కావచ్చు. రేపు పిల్లకో పిల్లాడికో ఏ చిన్న లోపం వచ్చినా, ఎందువల్ల వచ్చినా, అది జన్మంతా ఈ రోజునే తలుచుకుంటుంది. దాని భయం మీరు మోస్తారా?" నేను జవాబు చెప్పలేకపోయాను. మూఢనమ్మకం బలం అబద్ధంలో లేదు, తర్వాత వచ్చే నిందలో ఉంది. నాకు గోరా గారి ఇల్లు గుర్తొచ్చింది.

గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రంలో ఎం.ఎ. దయ్యాల కొంపని పేరుపడ్డ ఇంట్లో కాపురమున్నవాడు. నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. పిల్లలకు కాలాన్ని బట్టి పేర్లు పెట్టారు: ఉప్పు సత్యాగ్రహం నాటివాడు లవణం, యుద్ధం నాటివాడు సమరం. ఇవి మనకు తెలిసినవే. మనం తక్కువగా చెప్పుకునేది ఆయన భార్య సరస్వతి గురించి. 1912లో పుట్టి 2006లో పోయిన ఆమె, నిప్పుల మీద నడిచి అందులో మహిమ లేదని చూపింది. గర్భిణిగా ఉండి గ్రహణం వేళ నలుగురి ఎదుటా బయటికి వచ్చింది. ఆమె తన కాళ్ళతో నడిచి వచ్చింది. భర్త చెయ్యి పట్టుకు లాక్కు రాలేదు. నేను చేయబోయింది ఆ రెండో పని. అందుకే ఊరుకున్నాను.

నాకూ ఒక గ్రహణం బాకీ ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన రాష్ట్రం మీదుగా పోయింది. నల్గొండ ప్రాంతంలో పట్టపగలు చీకటి పడింది. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రజ్ఞులు పరికరాలతో కాచుకు కూర్చున్నారు. నాకప్పటికి ఇరవై నిండాయి, డిగ్రీ విద్యార్థిని. తెనాలిలో తలుపులేసుకుని, దర్భలు వేసిన పచ్చడి జాడీల మధ్య, ఇంట్లోవాళ్ళతో కూర్చున్నాను. రైలెక్కితే చూసేవాణ్ణి. ఇక ఈ జన్మకు లేదు.

ఇంకా వెనక్కి వెళితే, మా జిల్లాకే పెద్ద పేరుంది. 1868 ఆగస్టు 18 గ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో దుర్భిణీలు పెట్టారు. ఆ గ్రహణంలో సూర్యుడి కాంతిని విడదీసి చూసినప్పుడు కనిపించిన ఒక పసుపు గీత దగ్గర మొదలైనదే హీలియం కథ. భూమ్మీద ఆ వాయువును రామ్సే 1895లో గాని పట్టుకోలేదు. అంటే ఒక కొత్త మూలకం ఆచూకీ మన ఊళ్ళ మీది ఆకాశంలో దొరికింది. ఆ పూట తలుపులు తెరిచినవాళ్ళకే.

మన పంచాంగకర్తలకు ఇది తెలియదని కాదు. చంద్రుడు అడ్డమొస్తే సూర్యగ్రహణం, భూమి నీడ పడితే చంద్రగ్రహణం అని ఐదో శతాబ్దం చివర్లోనే ఆర్యభటుడు రాశాడు. పంచాంగంలో గ్రహణం ఏ నిమిషానికి పడుతుందో చెప్పగలిగేది అలాంటి లెక్కల వల్లనే. లెక్క నీడది, కథ రాహువుది. మనవాళ్ళు లెక్కను పంతుళ్ళకు వదిలేసి కథను పిల్లలకు ఇచ్చారు.

ఆ రోజు

ఉదయం పది దాటాక బాల్కనీలోకి వెళ్ళాం, నేనూ మనవరాలూ. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు. పెద్దవాళ్ళు చెప్పినవాటిలో ఇదొక్కటి నిజం, కన్ను పాడవుతుంది. వంటింట్లోంచి బూందీ గరిటె తెచ్చి ఎండలో పట్టాం. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. మబ్బు తొలగినప్పుడు గరిటె చిల్లుల్లోంచి నేల మీద పడ్డ చుక్కలన్నీ కొడవళ్ళయ్యాయి. పిల్ల కేక పెట్టింది: "తాతయ్యా, అన్నీ చందమామలు!" చందమామలు కాదు, సూర్యుళ్ళే. ఎదురుగా వేపచెట్టు కింద రోడ్డు నిండా అవే. ఆకుల సందులన్నీ చిల్లులే గదా. అరవై ఏళ్ళు దాటాక నేనూ మొదటిసారి చూశాను. నాకూ కేక పెట్టాలనిపించింది.

ఈలోగా తెనాలి నుంచి ఫోటో వచ్చింది: ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెట్టిన రోకలి. గ్రహణం ఉన్నంతసేపే నిలబడుతుందని నమ్మకం. మా దగ్గర రోకలి లేదు, మసాలా దంచే చిన్న రోలు పొత్రం ఉంది. పిల్ల నిలబెట్టింది. మూడోసారికి నిలిచింది. మా ఆవిడ నావైపు చూసింది. నేనేదో అనబోతుంటే పిల్లే అంది: "రేపు కూడా పెట్టి చూద్దాం నాన్నమ్మా." మర్నాడు పెట్టింది, రెండోసారికే నిలిచింది. తర్వాత వారం రోజులు దానికదే ఆట. మా ఆవిడ పెరుగులో తులసాకు వేస్తుంటే రెండు గిన్నెలు పెట్టమంది, ఒకదాంట్లో ఆకు, ఒకదాంట్లో లేకుండా. సాయంత్రం రెండూ తిన్నది. నేను ఇందులో ఒక్కటీ చెప్పలేదు.

పన్నెండు గంటలకు ఎండ వెలిసిపోయినట్టయింది. పిల్ల కేకలకు కోడలి గది తలుపు తెరుచుకుంది. బాల్కనీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. నేల మీద కొడవళ్ళ వైపు చూసింది. ఒక అడుగు బయటికి వేసింది. కొడవళ్ళు ఆమె కుచ్చిళ్ళ మీద పడ్డాయి. "భలే ఉన్నాయి మావయ్యగారూ" అంది. రెండు నిమిషాలుండి లోపలికి వెళ్ళింది. ఎవ్వరం ఏమీ మాట్లాడలేదు. ఒంగోలుకు కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ సెప్టెంబరులో మనవడు పుట్టాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. ఇది రుజువని మీరు చప్పట్లు కొడతారేమో. నేను కొట్టను. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు. వాడికి ఏదైనా లోపం ఉండి ఉంటే అది గ్రహణం వల్ల అన్నదానికి కూడా రుజువయ్యేది కాదు. రెండువైపులా ఒకే కొలబద్ద ఉంటేనే మనం హేతువాదులం.

ముగింపు

రాజ్యాంగం 51ఎ అధికరణంలో ప్రాథమిక విధులున్నాయి. 1976లో చేర్చిన వాటిలో హెచ్ అనే విధిని మన సంఘాలవాళ్ళం కంఠతా చెబుతాం: శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోవాలని. అదే జాబితాలో 2002లో చేరిన కె అనే విధిని ఎవరూ పలకరు: ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని. నా మట్టుకు నాకు ఈ రెండూ కలిపి చదవాల్సిన వాక్యాలు. చదువు ఒకరిచ్చేది కావచ్చు. ప్రశ్న మాత్రం పక్కవాడు అడగ్గా చూసి అలవాటయ్యేది.

ఈ అలవాటు ఆటకోసం కాదు. 2024 జులై 27 సాయంత్రం, పెద్ద వాన పడి, మా ఓల్డ్ రాజిందర్ నగర్లోనే ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి నీళ్ళు ముంచెత్తి, అక్కడి లైబ్రరీలో ఉన్న ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. మర్నాడు మెట్ల దగ్గర ఎవరో ఆ స్థలం వాస్తు మంచిది కాదని అంటున్నారు. తొమ్మిదేళ్ళ మా మనవరాలు వాళ్ళను అడిగింది: "నీళ్ళు ఎటునుంచి వచ్చాయి? ఎటు పోవాలి? ఎందుకు పోలేదు?" జవాబు ఎవరూ చెప్పలేదు. కానీ రోడ్డుకన్నా పల్లంలో ఉన్న గదీ, వాననీరు లాగని కాలువా, బయటికి దారీ, ఇవన్నీ ఆ మూడు ప్రశ్నల్లో ఉన్నాయి. వాస్తు అన్న జవాబులో ఒక్కటీ లేదు. వాస్తుతో సరిపెట్టుకుంటే వచ్చే వానకు మళ్ళీ అదే జరుగుతుంది.

మిత్రుడి ప్రశ్నకు ఇదే నా జవాబు. హేతువాదం నేను నేర్పలేదు. బూందీ గరిటె పట్టుకుని పక్కన నిలబడ్డాను. మీ ఇళ్ళలో పిల్లలుంటే, మీకు తెలియని ప్రశ్న ఒకటి వాళ్ళ నోటి నుంచి వచ్చేదాకా ఓపిక పట్టండి. వచ్చాక జవాబు చెప్పే తొందర పడకండి. "ఎలా తెలుసుకుందాం?" అనండి. వోచరు వాళ్ళే తెచ్చుకుంటారు.